ఎండలో పెట్టిన మగ్గం

నాకు నేతపని నేర్చుకోవాలని ఏ కోశానా లేదు. మా అమ్మను ఆదోని జిన్నింగు మిల్లులోంచి బయటికి లాక్కురావాలని మాత్రం ఉండేది. దానికి దొరికిన దారి అదొక్కటే కాబట్టి వెళ్ళి మగ్గం ముందు కూర్చున్నాను.

మాది పెద్దకడుబూరు దగ్గర పల్లె. నాన్న పోయిన తర్వాత అమ్మ నన్ను చంకనేసుకుని ఆదోనికి వచ్చి మిల్లులో కూలికి చేరింది. పత్తిలోంచి గింజను విడదీసే మరలకు పత్తి అందించే పని. ఆ గదిలో గాలి కంటే దూదిపొట్టే ఎక్కువ. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ కనుబొమ్మలు, రెప్పలు, ముక్కు కొస అన్నీ తెల్లగా అయిపోయి ఉండేవి. "అవ్వొచ్చింది, అవ్వొచ్చింది" అని చిన్నప్పుడు చప్పట్లు కొట్టి నవ్వేదాన్ని. అమ్మ కూడా నడుం వంచి ముసలమ్మలా నడిచి చూపించేది. ఆ ఆట ఎప్పుడు ఆగిపోయిందో సరిగ్గా గుర్తు లేదు. దగ్గు మొదలయ్యాకే ఆగి ఉంటుంది.

నాకు పదహారో పదిహేడో వచ్చేసరికి ఆ దగ్గు మా ఇంట్లో మూడో మనిషి అయిపోయింది. పొద్దున నిద్రలేవగానే ముందు చెవులు రిక్కించి వినేదాన్ని. దగ్గు వినబడితే భయం, వినబడకపోతే ఇంకా భయం. పెద్దాసుపత్రి డాక్టరు ఒకే మాట చెప్పాడు, ఆ దుమ్ములో ఉన్నన్నాళ్ళూ మందులు దండగని. "మరి తినేదెట్ల సామీ?" అని అమ్మ అడిగితే ఆయన తర్వాతి మనిషిని పిలిచాడు.

అప్పుడు ఎమ్మిగనూరు నుంచి చిన్నమ్మ కబురు చేసింది. ఆమె అక్కడ నేతగాళ్ళ ఇళ్ళలో రాట్నం తిప్పి నూలు కండెలు చుట్టి బతికేది. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి, ఏవో కొత్త కొత్త పనులు మొదలుపెడుతున్నారు. ఎమ్మిగనూరులో ఒక పెంకుల షెడ్డులో ఆడవాళ్ళకు నేత నేర్పుతున్నారనీ, కులం అడగడం లేదనీ, చివరికి ఒక మంచి తువ్వాలు నేసి చూపించినవాళ్ళకు మగ్గమూ నూలూ ఇస్తారనీ చిన్నమ్మ చెప్పి పంపింది. మగ్గం ఉన్న ఇంట్లో కండెలు చుట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి మా అమ్మ కావాలి. నా లెక్క అంతే. తువ్వాలు బాగా కుదిరితే అమ్మ మిల్లు మానేస్తుంది, కుదరకపోతే మిల్లులోనే ఉంటుంది. ఉంటే ఏమవుతుందో డాక్టరు చెప్పనే చెప్పాడు.

చిన్నమ్మ ఇంటికి చేరిన మొదటి పొద్దున దగ్గు వినబడక ఉలిక్కిపడి లేచాను. తర్వాత కదా గుర్తొచ్చింది, అమ్మ ఆదోనిలో ఉందని.

షెడ్డులో మొదట ఇచ్చేది గుంటమగ్గం కాదు, బల్లమీద పెట్టుకునే చిన్న చట్రం. దాని నడుమ నిలువుగా ఒక చెక్క పలక ఉంటుంది. పలకలో సన్నటి చీలికలు, చీలికకూ చీలికకూ మధ్య ఒక చిల్లు. ఒక పోగు చీలికలోంచి, దాని పక్క పోగు చిల్లులోంచి తెచ్చి రెండు కొసలా బిగిస్తారు, అదే పడుగు. పలకను ఎత్తితే చిల్లుల్లోని పోగులు పైకి లేస్తాయి, దించితే కిందికి పోతాయి. ఆ సందులోంచి నూలు చుట్టిన పుల్లను ఇటునుంచి అటు పంపి, మళ్ళీ అదే పలకను ముందుకు లాగి కొడితే అడ్డపోగు వచ్చి బట్టలో కూర్చుంటుంది. చూస్తే పిల్లల ఆటవస్తువులా ఉంటుంది. ముందు కూర్చున్నాక గానీ దాని సంగతి తెలియదు.

నేర్పే ఆయన ముసలి నేతగాడు. తాతా అని పిలిచేవాళ్ళం. నోరు మంచిది కాదు, మనసు ఎలాంటిదో తెలిసేంత మాట్లాడేవాడు కాదు. మొదటిరోజు మమ్మల్ని మగ్గాలు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోమన్నాడు. మిగిలిన ఆడవాళ్ళందరూ నేతగాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళు పోయి పోయి లోపలి మూలన, మట్టినేల చెమ్మగా చీకటిగా ఉన్నచోట కూర్చున్నారు. వీళ్ళకేం పిచ్చి అనుకున్నాను. నేను నా మగ్గం మోసుకొచ్చి వాకిలి పక్కన, ఎండ పడేచోట, గాలి తగిలేచోట పెట్టుకున్నాను. మంచిచోటు కొట్టేశానని ఆ రోజంతా ఎంత మురిసిపోయానో చెప్పలేను.

దూదికి తడి తగలకూడదని నాకు అక్షరాలకంటే ముందు నేర్పారు. మా ఆదోని బజారులో తడిసిన పత్తి అంటే దొంగపత్తి. తూకం పెరగాలని కొందరు పత్తి బస్తాల్లో నీళ్ళు చల్లి తెచ్చేవాళ్ళు, అందుకని మిల్లులో ఎక్కడ చెమ్మ కనబడినా మేస్త్రీ కూలోళ్ళ మీద పడేవాడు. తాగే నీళ్ళచెంబు కూడా గడప లోపలికి తేనిచ్చేవాడు కాదు. ఒకసారి అమ్మ పక్కన పనిచేసే ఆమె చంటిబిడ్డ దూదికుప్ప మీద ఉచ్చ పోసింది. తల్లినీ బిడ్డనూ అప్పటికప్పుడు గేటు బయటికి పంపేశారు, మళ్ళీ పిలవలేదు. ఆ కథ అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. అలా పెరిగిన నాకు నూలును పొడిగా, వెచ్చగా పెట్టుకోవాలని ఒకరు చెప్పాలా?

పోగులు తెగడం మొదలైంది. ఈస్టరు వెళ్ళి ఎండలు ముదిరిన కాలం. పొద్దున కాసేపు బాగానే సాగేది. ఎండెక్కి వడగాలి తిరిగేసరికి పలక ఎత్తితే ఒకటి, కొడితే ఒకటి, టప్పుమని తెగేవి. ఒకదానికి ముడి వేసేలోపు పక్కది పోయేది. లోపలి మూలన ఉన్నవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ మూరలకు మూరలు నేస్తుంటే నా బట్ట మాత్రం ఎలుకలు కొట్టినట్టు ఉండేది.

తాత వచ్చి నా చేతులు పట్టుకుని తిప్పి చూశాడు. "చేన్లో కలుపు తీసిన చేతులమ్మా ఇవి. గరుకు. నూలు నిలవదు" అన్నాడు.

ఆదోని పక్క చేలల్లో కూలికి పోయినదాన్నే కాబట్టి ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. కానీ నమ్మాను. ఆముదం పట్టించాను, సెనగనూనె పట్టించాను, చిన్నమ్మ ఇంటి గడప రాతిమీద అరచేతులు అరగదీసుకున్నాను. నూనె మరకలు బట్టకు అంటుకున్నాయని తాత మళ్ళీ తిట్టాడు. చేతులు మార్చుకోవడం ఎలా? అన్నం తింటున్నా చేతులే చూసుకునేదాన్ని. ఈ చేతుల వల్ల అమ్మ ఆ గదిలోనే ఉండిపోతుందేమోనన్న ఆలోచన వస్తే ముద్ద దిగేది కాదు.

కర్నూలు నుంచి ఒక పెద్దాయన వచ్చి తువ్వాళ్ళు చూస్తాడనీ, ఆ రోజు ఎవరిది బాగుంటే వాళ్ళకే మగ్గమనీ, మిగిలినవాళ్ళు ఇంటికి పోవచ్చనీ తాత చెప్పిన రోజు నాకు జ్వరం వచ్చినట్టయింది. ఆదోనికి ఏం కబురు పంపాలో తెలియక, బాగా నేర్చుకుంటున్నానని పంపాను.

ఆ వారంలోనే తాత షెడ్డుకు రాలేదు, ఒళ్ళు బాగాలేదన్నారు. ఆయన దగ్గరుండే తాళంచెవి తెమ్మని నన్ను పంపారు. నేతగాళ్ళ ఇంట్లోకి నేను అడుగుపెట్టడం అదే మొదలు. గడప దాటగానే బావిలోకి దిగినంత చల్లగా ఉంది. కిటికీకి తడి గోనెపట్టా వేలాడుతోంది. నేలలో తవ్విన గుంటలో మగ్గం, దానిమీద తెల్లగా పరుచుకున్న పడుగు. తాత భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ పడుగు కింద, గుంట అంచుల చుట్టూ చల్లుతోంది. తుంపరలు నూలు మీద కూడా పడుతున్నాయి.

"అవ్వా! తడుస్తాండాది!" అని గట్టిగా అరిచేశాను.

ఆమె చెంబు పట్టుకుని నావైపు చూసింది. "తడవాలనే గదమ్మే సల్లేది! గంజి పెట్టిన నూలు. ఈ ఎండలకు ఆరిపోతే పుల్ల మాదిరి ఇరిగిపోతాది. నీకు ఎవురూ సెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. మిగిలిన వాళ్ళకు పుట్టినప్పటినుంచీ తెలుసు, తాతకు అది చెప్పాల్సిన విషయమని తట్టలేదు. లోపల పడుకున్న తాతకు వినబడేలా మా అమ్మ మిల్లు సంగతి చెప్పాను; నేను ఎండలో కూర్చుంటే వెలుతురు కోసం కూర్చున్నాననుకున్నాడట. నిజం చెప్పాలంటే నాకు అప్పుడు సంతోషం కలగలేదు. అన్ని రోజులు నా చేతులను నేను తిట్టుకున్న తిట్లు గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది.

తెలిస్తే చాలదు, చెయ్యి కదలాలి కదా. మరునాడు మగ్గాన్ని లోపలి మూలకు చేర్చి, చెంబునిండా నీళ్ళు తెచ్చుకుని, చాలాసేపు అలాగే నిలబడ్డాను. వెనక ఎవరైనా చూస్తున్నారేమోనని తిరిగి తిరిగి చూశాను. చివరికి కళ్ళు మూసుకుని నేలమీద చిలకరించాను. ఎవరూ అరవలేదు. పడుగు కింద తడి గోనె పరిచి కూర్చున్నాను. ఆ రోజు మిట్టమధ్యాహ్నం కూడా ఒక్క పోగూ తెగలేదు. అడ్డపోగు వెంట అడ్డపోగు వచ్చి బుద్ధిగా కూర్చుంది. నా చేతుల్లో ఏ తప్పూ లేదు.

పెద్దాయన సాయంత్రానికి వస్తాడన్న రోజున నా తువ్వాలు ఇంకా జానెడు మిగిలి ఉంది. కొత్తగా పడుగు ఎక్కించి మొదలుపెట్టినది కాబట్టి మిగిలినవాళ్ళకంటే వెనకబడ్డాను. అయినా సరిపోతుంది, నిదానంగా నేసినా సరిపోతుంది. ఆ లెక్క చూసుకుంటూ ఉండగా వాకిట్లో దగ్గు వినబడింది. ఆ దగ్గు నాకు వెయ్యిమందిలో తెలుస్తుంది.

మిల్లులో మరలను తిప్పే పెద్ద పట్టీ తెగి అన్నీ ఆగిపోయాయట. అమ్మ బస్సెక్కి వచ్చేసింది. మునుపటికంటే సన్నబడింది. మెట్టు ఎక్కి ఊపిరి తీసుకోవడానికి గోడ పట్టుకుంది. పొద్దుననుంచీ ఏమీ తినలేదని మొహం చూస్తేనే తెలిసింది. "ఈడనే కూచో మా, ఏమన్నా తెస్తాను" అని చెప్పి చిన్నమ్మ ఇంటికి పరుగెత్తాను. మిగిలినవాళ్ళందరూ అన్నాలకు వెళ్ళిన వేళ. షెడ్డులో అమ్మ ఒక్కతే ఉంది.

రొట్టె, ఊరిబిండి పచ్చడి మూట కట్టుకుని తిరిగి వచ్చేసరికి మూలన నా మగ్గం లేదు.

వాకిట్లో, నిట్టనిలువు ఎండలో ఉంది. గోనెపట్టా కంపచెట్టు మీద ఆరేసి ఉంది. అమ్మ మగ్గం ముందు మోకాళ్ళ మీద కూర్చుని పైటకొంగుతో నా పడుగును పైనుంచి కిందికి వత్తి వత్తి తుడుస్తోంది. దగ్గుతూ తుడుస్తోంది.

"యాడికి పోయినావే? కింద అంతా తడి! ఎవరో ఓర్వలేక గోనె తడిపి పెట్టినారు బిడ్డా. వాళ్ళు సూస్తే నిన్ను పంపించేస్తారు గదా. నేను వచ్చినాను గనక సరిపోయింది" అంది.

"అమ్మా!" అన్నాను. మగ్గాన్ని పట్టుకుని పలక ఎత్తి చూశాను. నడుమన ఒకటి, అంచున రెండు, మళ్ళీ నడుమన... ఒకదాని తర్వాత ఒకటి తెగి ముడుచుకుపోయాయి. తుడిచిన చోటల్లా నూలు నూగు లేచి ఉంది.

అప్పుడు అరిచాను. మా అమ్మమీద జీవితంలో అంత గట్టిగా అరవలేదు. "ఎవరు తాకమన్నారు నిన్ను? నేనే పెట్టినాను తడి! తడి ల్యాకుంటే నిలవదు! నీకోసమే గదా ఇదంతా సేస్తాండేది, నువ్వే పాడు సేస్తివి!"

అమ్మ నావైపు చూసి, మగ్గం వైపు చూసి, మళ్ళీ నావైపు చూసింది. తడి లేకపోతే నూలు నిలవదన్న మాట ఆమె చెవికి ఎక్కలేదు, ఎక్కే మాట కాదు అది. "నాకోసమా?" అంది. నేను ఎందుకు నేర్చుకుంటున్నానో ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆశపెట్టి తర్వాత లేదనడం చేతకాక చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను, ఎండలో నిలబడి ఏడుస్తూ చెప్పాను. మగ్గం ఇస్తే నువ్వు మిల్లు మానెయ్యచ్చు అన్నాను.

ఆమె లేచి మగ్గానికి ఒక కొస పట్టుకుంది. ఇద్దరం మోసుకుంటూ మళ్ళీ మూలకు తెచ్చాం.

తెగిన పోగుకు కొత్త నూలు ముడివేసి, దాని చీలికలోంచో చిల్లులోంచో తిప్పి తెచ్చి, నేసిన బట్టకు గుండుసూదితో బిగించాలి. ఒక్కోదానికి ఎంతసేపు పడుతుందో తలచుకోకుండా మొదటి పోగు అందుకున్నాను. తొందరపడితే చిల్లులోకి నూలు పోదు. బయట ఏ బండి చప్పుడైనా ఆయనే వచ్చాడనిపించేది. నేను ముడులు వేస్తూ తల ఎత్తకుండానే, "నీల్లు సల్లు మా" అన్నాను.

చెంబు చప్పుడు లేదు. తల తిప్పి చూస్తే చెంబు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది.

"మా, సల్లు. పొద్దు పోతాండాది."

మొదటి చుక్కలు తన కాళ్ళమీదే పోసుకుంది. తర్వాత నేలమీద. ఆ తర్వాత పడుగు కింద. ప్రతిసారీ చల్లి, వాకిలి వైపు చూసి, మళ్ళీ చల్లింది. కొంగు తడిపి కిటికీకి అడ్డంగా తనే పట్టుకుని నిలబడింది. వడగాలి ఆ కొంగులోంచి చల్లబడి వచ్చేది. దగ్గు వస్తే కొంగు కదలకుండా గోడకు తల ఆనించి దగ్గేది. నేను నేశాను. చివరి నాలుగు వేళ్ళ వెడల్పు ఎలా నేశానో నాకు తెలియదు. పలక లాగిన ప్రతిసారీ తెగుతుందని కళ్ళు మూసుకున్నది మాత్రం తెలుసు.

పెద్దాయన వచ్చేసరికి తువ్వాలు కోసి చేతిలో పట్టుకున్నాను. ఇస్త్రీ చొక్కా, కళ్ళజోడు, వెనకాల ఒళ్ళు కుదుటపడిన తాత. ఒక్కొక్కరి బట్టా చూసి, లాగి, వెలుతురుకు పట్టుకుని చూశాడు. నాది చూసి ఆగిపోయాడు. బోర్లా తిప్పాడు.

"ఇన్ని ముడులేమిటి? ఈ చివరంతా ముడులే. నూలు ఏం చేశావమ్మా?"

నేను నోరు తెరిచేలోపే గోడ పక్కన నిలబడిన అమ్మ ముందుకొచ్చింది. కొంగు ఇంకా తడిగానే ఉంది. చేతులు జోడించింది.

"సామీ, నీల్లు సల్లింది నేను. ఈ బిడ్డకు ఏమీ తెల్దు. ముట్టుకోనుగూడ ముట్టుకోలేదు. తప్పంతా నాది. పంపిస్తే నన్ను పంపించేయండి, బిడ్డను వద్దు సామీ."

పెద్దాయన అర్థంగాక తాతవైపు తిరిగాడు. "ఏమంటోంది ఈమె? నీళ్ళు చల్లకుండా ఎవరైనా నేస్తారా?"

తాత అమ్మను కిందినుంచి పైదాకా చూశాడు. తడి కొంగునూ, వాకిట్లో కంపచెట్టు మీది గోనెనూ చూశాడు. "ఆదోని మిల్లులో దూది పనిచేసే మనిషి సామీ. ఆడ తడి కనపడితే బతకనీరు" అన్నాడు మెల్లగా. తర్వాత నా తువ్వాలు తీసుకుని, ముడులున్న చోటు రెండు చేతులా పట్టుకుని గట్టిగా గుంజాడు. ఒక్కటీ ఊడలేదు. "అంచు వంకర పోలేదు. ముడి జారలేదు. నేను సెప్పలేదు ఈ పిల్లకు, నాది గూడ తప్పుండాది. మగ్గం ఇయ్యండి సామీ, నేస్తాది."

పెద్దాయన ఇంకోసారి గుంజి చూసి తల ఊపాడు. నా తువ్వాలు మడిచి మంచివాటి కుప్పలో పెట్టాడు.

నేను తాత కాళ్ళకు మొక్కి, ఆయన తిట్టి లేపి, ఇదంతా అయ్యేసరికి అమ్మ లేదు. వాకిట్లోకి పరుగెత్తాను. తన గుడ్డసంచి చంకలో పెట్టుకుని బస్సులు ఆగే చోటికి పోయే దారిలో గబగబా నడుస్తోంది. అందుకునేసరికి నాకు ఆయాసం వచ్చింది, ఆమెకు దగ్గు వచ్చింది.

"యాడికి మా?"

"పట్టీ బాగైంటాది. పొద్దున మిల్లు కూతకు లోపల ఉండాల గదా. బస్సు పోతే ఎట్ల?"

"మగ్గం ఇచ్చినారు మా. నువ్వు సూడలేదా? ఇచ్చినారు. నువ్వింక మిల్లుకు పోయే పనిలేదు."

అమ్మ నిలబడింది. దారి పక్కన మైలురాయి ఉంటే దానిమీద కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. "మేస్త్రీ కొట్లాడతాడేమో" అంది. కొట్లాడుకోనీ అన్నాను. మళ్ళీ దగ్గు వచ్చింది, అది ఆగేదాకా ఆమె వీపు రాస్తూ నిలబడ్డాను. ఆ దగ్గు తర్వాత ఆమెతోపాటే ఎమ్మిగనూరుకు వచ్చింది, తగ్గింది గానీ పోలేదు. ఆ సాయంత్రం నాకు అదేం తెలుసు. నేను నవ్వుతున్నాను.

"అయితే రేపు పోవద్దా?" అంది.

"వద్దు."

ఆమె లేచి నా చెయ్యి పట్టుకుంది. చిన్నమ్మ ఇంటికి చేరేలోపు ఆ మాటే మళ్ళీ మళ్ళీ అడుగుతూ వచ్చింది, నేనూ మళ్ళీ మళ్ళీ వద్దనే చెబుతూ వచ్చాను.